సమాధి మౌనం: ఐస్‌లాండ్ డిటెక్టివ్ నవల చదివినవాళ్ళు, మధ్యలో ఆపేసినవాళ్ళు ఇటు రండి

పేజీ_మడత
శుక్రవారం, రాత్రి 10:42

పిల్లల పుట్టినరోజు పార్టీ. ఇల్లు పీకి పందిరేస్తున్నారు. తమ్ముణ్ణి తీసుకెళ్దామని వచ్చిన మెడిసిన్ కుర్రాడొకడు సోఫాలో కూర్చున్నాడు. ఎదురుగా కింద, పళ్ళొస్తున్న పాప ఏదో నములుతోంది. చేతిలోంచి తీసుకుని చూస్తే, అది మనిషి పక్కటెముక ముక్క.

ఆర్నల్దుర్ ఇంద్రిదాసన్ రాసిన 'గ్రావర్‌థోగ్న్' ఇలా మొదలవుతుంది. 2001లో ఐస్‌లాండిక్‌లో వచ్చింది, ఇంగ్లీషులో 'సైలెన్స్ ఆఫ్ ద గ్రేవ్'. ఆ ఎముక దొరికింది రెయిక్యావిక్ శివార్లలో కొత్తగా కడుతున్న ఇంటి పునాది గోతిలో. తవ్వితే అస్థిపంజరం బయటపడుతుంది, అరవై డెబ్బై ఏళ్ళనాటిది కావచ్చంటారు. చంపినవాడు ఉన్నా ఈపాటికి కాటికి కాళ్ళు చాపుకునే ఉంటాడు. పట్టుకుని ఎవరికి శిక్ష వేయిస్తారు? అయినా ఎర్లెందుర్ అనే డిటెక్టివ్ వదలడు. ఈ తవ్వకం పక్కనే, ఒకప్పుడు ఆ గుట్ట మీద బతికిన ఒక కుటుంబం పాత కథ కూడా నడుస్తుంటుంది.

నిన్న రాత్రి పూర్తిచేశాను. హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రం నాకు సగంలోనే పోయింది. అరవై ఏళ్ళుగా ఆ కుటుంబం గురించి ఎవరూ ఎందుకు అడగలేదు, అన్నదే పట్టుకుంది. మీకేమనిపించిందో చెప్పండి. గోతిలో ఉన్నది ఎవరో మాత్రం దయచేసి రాయకండి.

గుండ్రాయి
శుక్రవారం, రాత్రి 11:05

నేను మధ్యలో ఆపేసిన బ్యాచ్. నూట ఎనభయ్యో పేజీకి వచ్చా, ఇంకా బ్రష్షులు పెట్టి మట్టి దులుపుతున్నారు! జేసీబీ పెడితే పావుగంట పని. పోలీసులు ఏకంగా ఆర్కియాలజిస్టుల్ని పిలిచి తవ్విస్తారు, వాళ్ళేమో రోజుకి రెండంగుళాలు. నేను యుగంధర్, షాడో చదివి పెరిగినవాణ్ణి. షాడో అయితే ఈపాటికి మూడు దేశాలు తిరిగి నలుగురిని మట్టికరిపించేవాడు. ఈ ఎర్లెందుర్‌కి సరిగ్గా నిద్ర కూడా ఉండదు, పాడైపోయిన కూతురు, విడాకులు, ఇంట్లో చల్లారిన తిండి. డిటెక్టివ్ నవల కొన్నానా, డిప్రెషన్ కొన్నానా?

బందరు_బాబాయి
శుక్రవారం, రాత్రి 11:31

గుండ్రాయి తమ్ముడూ, ఆ తవ్వకం మీద నాకూ విసుగొచ్చింది కానీ, తర్వాత అర్థమైంది. ఎముకలు ఒక్క కుదుపుకి చెదిరిపోతే చెయ్యి ఎటు ఉందో, కాళ్ళు ఎలా ముడుచుకున్నాయో తెలియదు. ఇక్కడ చెయ్యి పైకి లేచి ఉంటుంది, గుర్తుందా? బతికుండగానే పూడ్చారా అన్న అనుమానం అక్కడే పుడుతుంది. జేసీబీ పెడితే ఆ చెయ్యే ఉండదు.

రచయిత పేరు చూసి ముందు 'ఇంద్రిదాసు' అనుకున్నాను, మన వైష్ణవుల ఇంటాయనలా. తీరా చూస్తే ఇంద్రిది కొడుకు కాబట్టి ఇంద్రిదాసన్. అక్కడ ఇంటిపేర్లు ఉండవు, చాలామందికి తండ్రి పేరే తగులుతుంది. కొడుకైతే 'సన్', కూతురైతే 'దోత్తిర్'. ఫోన్ డైరెక్టరీలో కూడా సొంత పేరుతోనే వెతకాలి. ఆ ఇంద్రిది కూడా పేరున్న నవలాకారుడేనట. ఈయన 1961లో పుట్టాడు, చరిత్ర చదివాడు, పత్రికలో పనిచేశాడు, సినిమా సమీక్షలు రాశాడు. చరిత్ర చదివినవాడి చెయ్యి ప్రతి పేజీలో కనిపిస్తుంది.

ఇంకో సంగతి. బ్రిటన్‌లో క్రైమ్ రచయితల సంఘం ఇచ్చే గోల్డ్ డాగర్ 2005లో ఈ పుస్తకానికే వచ్చింది, బెర్నార్డ్ స్కడర్ అనువాదానికి. మరుసటి ఏడాది నుంచి అనువాదాలకి వేరే బహుమతి పెట్టి, అసలు దాన్ని ఇంగ్లీషులో రాసినవాళ్ళకే ఉంచేశారు! అతిథి బాగా తింటే వచ్చేసారి పంక్తి మార్చినట్టు. స్కడర్ 2007లో పోయాడు. అనువాదకుడి పేరు చూడకుండా పుస్తకం మూసేసేవాళ్ళకి ఈ ముక్క చెప్పాలనిపించింది.

ఉత్తరపు_గాలి
శనివారం, ఉదయం 6:18

కోపెన్‌హేగెన్ నుంచి. రెండేళ్ళ క్రితం డిసెంబర్‌లో రెయిక్యావిక్ వెళ్ళాను, ఇది చదివాకే. పొద్దున పదకొండు దాటితే గానీ సూర్యుడు రాడు, మూడున్నరకల్లా వెళ్ళిపోతాడు. కుళాయి తిప్పితే భూమిలోంచి వచ్చే వేడినీళ్ళు, ఉడికించిన కోడిగుడ్డు వాసన. స్నానం చేశాక కూడా గంటసేపు అదే వాసన.

నవలలో ఎముకలు దొరికే పేట పేరు గ్రావర్‌హోల్ట్. పుస్తకం పేరు గ్రావర్‌థోగ్న్. రెండిటికీ మొదటి ముక్క ఒకటే, గొయ్యి అనీ సమాధి అనీ అర్థం వచ్చే మాట. ఊరి పేరులోనే గొయ్యి ఉంది. ఇంగ్లీషులో ఆ ముడి విడిపోతుంది.

మీలో ఎంతమంది గమనించారో గానీ, నాకు నవలంతటిలో నచ్చింది ఆ ఎర్రపళ్ళ పొదలు. రెడ్ కరెంట్ అంటారే, మిరియం గింజ కంటే కాస్త పెద్దగా, పుల్లగా, గుత్తులుగా కాస్తాయి. ఐస్‌లాండ్‌లో చెట్లు తక్కువ, గుట్టలన్నీ బోడివి. అలాంటి చోట నాలుగు పండ్ల పొదలు వరసగా కనిపిస్తే అవి ఎవరో నాటినవే. ఎర్లెందుర్‌కి అక్కడ ఒకప్పుడు ఇల్లుండేదన్న ఆలోచన వాటివల్లే బలపడుతుంది. మన ఊళ్ళలో బీడు మధ్య ఒంటిగా నూతిగట్టు కనిపిస్తే 'ఇక్కడెవరో ఉండేవాళ్ళు' అనుకోమూ? అదే. ఇల్లు పోయినా పొద ప్రతి ఏడూ కాస్తూనే ఉంది.

గుండ్రాయి
శనివారం, ఉదయం 9:40

పొద సంగతి నేను గమనించలేదు. సరే. అయినా స్లోనే.

వాన_చినుకు
శనివారం, మధ్యాహ్నం 2:12

నేను ఆపేసింది స్లో అని కాదు. పాత కథలో గ్రీముర్ ఉన్న పేజీలు చదవలేక. ఆ మొగుడు ఇంట్లోకి అడుగుపెట్టగానే పిల్లలు ఎలా బిగుసుకుపోతారో, తల్లి గిన్నె చప్పుడు కాకుండా ఎలా పెడుతుందో, అదంతా మరీ దగ్గరగా రాశాడు. రచయితకి అందులో ఏమైనా సరదా ఉందా అనిపించింది ఒక దశలో. కొట్టడం ఒకసారి చూపిస్తే చాలదా? పదేపదే ఎందుకు? ఆవిడ ఎందుకు వెళ్ళిపోలేదు, అని కోపం కూడా వచ్చింది. తర్వాత ఆ కోపం వచ్చినందుకు నామీద నాకే కోపం.

పేజీ_మడత
శనివారం, సాయంత్రం 5:03

వాన_చినుకు గారూ, ఆవిడ పారిపోవడానికి ప్రయత్నిస్తుంది. వాడు వెతికి పట్టుకుంటాడు. కూతురు మిక్కెలీనాని అడ్డం పెట్టుకుని బెదిరిస్తాడు. ఆ పాపకి చిన్నప్పుడు మెదడుకి జ్వరం తగిలి ఒళ్ళు స్వాధీనంలో ఉండదు, మాట సరిగా రాదు. ఎత్తుకుని ఎంత దూరం పరుగెడుతుంది? కొండ మీద ఒంటి ఇల్లు. పదేపదే ఎందుకు చూపించాడంటే, ఒక్కసారే అయితే మనం దాన్ని సంఘటన అనుకుంటాం. అది వాళ్ళకి రోజువారీ. ఈ వివరణ నాకు నేను చెప్పుకున్నదే, రచయితని వెనకేసుకు రావడం కాదు. మీరు ఆపిన చోట నేనూ పుస్తకం బోర్లించి బాల్కనీలోకి పోయాను.

మీరు ఆపేశారు కాబట్టి ఒకటి చెప్తాను, ఇది స్పాయిలర్ కాదు. ఆ తల్లి పేరు మనకి చాలా దూరం వరకు చెప్పడు. 'తల్లి', 'ఆమె', అంతే. మొగుడి నోటి వెంట ఆమె పేరు రాదు, తిట్లే. ఇంటిపేరే లేని దేశంలో, ఫోన్ డైరెక్టరీలో కూడా సొంత పేరే అడిగే దేశంలో, పేరు తీసేస్తే మనిషికి మిగిలేదేమిటి?

ఆమెని ఏడిపించడానికి వాడు ఎత్తే మాట ఒకటుంది. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది కదా, భూమి దాని తోకలోంచి పోతుందనీ, అందులో విషవాయువు ఉందనీ లోకమంతా హడలిపోయింది. నవలలో, ప్రళయం వస్తుందన్న ఆ రాత్రి కొందరు రెయిక్యావిక్ గ్యాస్ ఫ్యాక్టరీ దగ్గర చేరి, ఎలాగూ పోతాం కదా అని ఒళ్ళు మరిచిపోయారని పుకారు. తల్లీ తండ్రీ ఎవరో తెలియని ఈమెని ఆ రాత్రి పుట్టుకే అంటాడు. ప్రళయం రాలేదు, ఆమె వచ్చింది.

బందరు_బాబాయి
శనివారం, సాయంత్రం 5:47

అమ్మో, తోకచుక్క! అదే 1910, అదే తోకచుక్క. మన గురజాడ 'ముత్యాల సరాలు'లో దాన్ని సంఘ సంస్కరణ జెండా అన్నాడు. జనం అరిష్టం అని వణుకుతుంటే ఆయన జెండా అన్నాడు. అక్కడ నవలలో అదే చుక్కతో ఒక ఆడమనిషిని జీవితాంతం పొడుస్తున్నారు. నేను ఈ రెండూ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. పేజీ_మడత, నీకో కాఫీ బాకీ.

చరిత్ర_పిచ్చి
శనివారం, రాత్రి 9:20

కథ వెనక యుద్ధం గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? నవలలో పాత కథ నడిచే కాలం ఐస్‌లాండ్‌కి తలకిందులైన కాలం. 1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించింది. ఐస్‌లాండ్‌కి అప్పటికి డేనిష్ రాజే రాజు. జర్మన్లు అక్కడిదాకా వస్తారేమోనని మే 10న బ్రిటిష్ సైన్యం తనే దిగిపోయింది. 1941 జూలైలో అమెరికన్లు వచ్చి వాళ్ళ చోటు తీసుకోవడం మొదలుపెట్టారు. లక్షా ఇరవై వేల జనాభా ఉన్న దేశంలో వేలకి వేల మంది పరాయి కుర్రాళ్ళు! పనుల్లేక అల్లాడుతున్నవాళ్ళకి బ్యారక్‌ల్లో, రోడ్లమీద కూలి దొరికింది. 1944 జూన్ 17న దేశం రిపబ్లిక్ అయిపోయింది కూడా.

సైనికులతో తిరిగిన ఆడపిల్లల గురించి అక్కడ ఒక మాట వాడేవాళ్ళు: 'ఆస్తాండిద్'. అర్థం ఏమిటంటే, 'పరిస్థితి'. అంతే. 'ఆ అమ్మాయి పరిస్థితిలో ఉంది' అంటే ఇక అందరికీ అర్థమైపోయినట్టే. పోలీసులు ఆడపిల్లల మీద నిఘా పెట్టారు, కొందరిని ఊరికి దూరంగా ఒక హాస్టల్‌లో పెట్టారు. కుర్రాళ్ళ మీద మాత్రం ఏ నిఘా లేదు, షరా మామూలే.

ఇది తెలిసి చదివితే ఆ గుట్ట పక్కన ఉన్న సైనిక డిపో, అక్కడి అమెరికన్ కుర్రాడు, అతను ఆ ఇంట్లో మనుషులతో మామూలుగా, మర్యాదగా మాట్లాడటం, అన్నీ వేరేగా కనిపిస్తాయి. అతనితో ఆ తల్లి మాట్లాడిన ప్రతి మాటకీ ఊరు ఒక పేరు సిద్ధంగా పెట్టుకుని ఉంది. ఇంట్లో జరుగుతున్నదానికి మాత్రం ఊళ్ళో మాటే లేదు.

వాన_చినుకు
శనివారం, రాత్రి 9:58

"ఇంట్లో జరుగుతున్నదానికి మాత్రం ఊళ్ళో మాటే లేదు." మన దగ్గర ఉంది కదండీ. 'సంసారం అన్నాక.'

నైట్‌షిఫ్ట్
ఆదివారం, తెల్లవారుజామున 4:26

ఐసీయూలో పదకొండేళ్ళుగా స్టాఫ్ నర్సుని. డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

మీరంతా ఎముకల దగ్గరే ఆగిపోయారు. నాకు ఆ నవల అంటే ఎర్లెందుర్ కూతురు ఈవా లిండ్ మంచం. మత్తుకి బానిసైన కూతురు, కడుపుతో ఉండి, తండ్రికి ఫోన్ చేసి సాయం అడుగుతుంది. అతను వెతికి పట్టుకునేసరికి స్పృహలో ఉండదు. బిడ్డ దక్కదు. కోమా. డాక్టర్ అతన్ని కూతురితో మాట్లాడమంటాడు, వినపడుతుందో లేదో తెలియదు గానీ మాట్లాడమంటాడు. హంతకులతో గంటలు గంటలు మాట్లాడే మనిషికి కూతురితో ఏం మాట్లాడాలో తెలియదు.

ఇది నేను ప్రతి నెలా చూస్తాను. 'మాట్లాడండి' అంటే బంధువులు నిలబడి పోతారు. చాలామంది 'లే నాన్నా, లే' అంటారు రెండుసార్లు, తర్వాత గోడ చూస్తారు. ఒకాయన మాత్రం, గుంటూరు వైపు రైతు, కొడుక్కి బైక్ యాక్సిడెంట్. రోజూ సాయంత్రం విజిటింగ్ టైమ్‌కి వచ్చి, జేబులోంచి మడతపెట్టిన పేపర్ తీసి, మిర్చి యార్డు ధరలు చదివేవాడు. తేజ రకం ఎంత, బాడిగ రకం ఎంత, తాలు కాయ ఎంత. నిన్నటికంటే ఎంత దిగిందో కూడా చెప్పేవాడు. చదవడం అయ్యాక కాగితం మళ్ళీ అవే మడతల మీద మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఆ కుర్రాడు లేచాడా అని అడక్కండి.

ఎర్లెందుర్ చివరికి ఏం మాట్లాడాడో తెలుసు కదా. ఎవ్వరికీ చెప్పనిది చెప్తాడు. చిన్నప్పుడు మంచు తుఫానులో చేతిలోంచి జారిపోయిన తమ్ముడి సంగతి. ఆయన దగ్గర ఉన్న ధరల కాగితం అదే.

బెల్ మోగుతోంది. ఉంటా.

గుండ్రాయి
ఆదివారం, ఉదయం 8:15

సిస్టర్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏం అనాలో తెలియలేదు. పుస్తకం మళ్ళీ తీశాను. 181.

దివిసీమ_కుర్రాడు
ఆదివారం, ఉదయం 10:50

పేరులోనే కుర్రాణ్ణి, యాభై దాటి చాలాకాలమైంది. నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. నైట్‌షిఫ్ట్ గారి పోస్టు చూశాక రాస్తున్నాను.

ఎర్లెందుర్ తమ్ముడు దొరకడు. బతికీ కాదు, శవంగానూ కాదు. ఆ దేశంలో మంచు తుఫానుల్లో దారితప్పినవాళ్ళ గురించి రాసిన పుస్తకాలే వేరేగా ఉన్నాయి, ఈయన ఇంట్లో కూర్చుని అవే చదువుతుంటాడు. కొందరికి అది నాటకీయంగా అనిపించొచ్చు. నాకు అనిపించలేదు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో మా చిన్నాన్న పోయాడు. పోయాడు అంటున్నాను, చూసినవాళ్ళు లేరు. పద్ధతి ప్రకారం దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. కర్మలన్నీ జరిగాయి. మా నాయనమ్మ అన్నిటికీ కూర్చుంది, ఏదీ వద్దనలేదు. ఒక్క పని మాత్రం చేయనివ్వలేదు. ఫొటోకి దండ వేయనివ్వలేదు. ఆవిడ పోయేదాకా ఆ ఫొటో మామూలుగానే ఉంది, పక్కన క్యాలెండర్, కింద గడియారం. ఆవిడ పోయాక కూడా మేమెవరం వేయలేదు.

ఈ తమ్ముడి కథ తర్వాతి నవలల్లోనూ సాగుతుంది. 2010లో వచ్చిన దాంట్లో ఎర్లెందుర్ ఆ తూర్పు కొండల్లోకే తిరిగి వెళ్తాడు. నేను ఇంకా చదవలేదు. కొని పెట్టుకున్నాను.

మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 12:30

మధ్యలో ఒక సభ్యుడు గోతిలో ఎవరున్నారో రాసేశారు, ఆ పోస్టు తీసేశాను. ముందే చెప్పారు కదండీ. మిగతాది బాగా నడుస్తోంది, కానివ్వండి.

చరిత్ర_పిచ్చి
ఆదివారం, మధ్యాహ్నం 1:15

తీసేసే లోపు చదివేశాను, కర్మ.

ఒక సందేహం. మూడు లక్షల జనాభా కూడా లేని దేశం అది, ఈ నవల వచ్చేనాటికి. మన గుంటూరు ఊరిలో సగం పైచిలుకు. హత్యలు అప్పట్లో సగటున ఏడాదికి ఒకటో రెండో, కొన్నేళ్ళు అవీ ఉండేవి కావు. అలాంటి చోట క్రైమ్ నవలలు పుంఖానుపుంఖాలుగా వస్తే నమ్మబుద్ధేస్తుందా?

ఉత్తరపు_గాలి
ఆదివారం, మధ్యాహ్నం 3:02

అందుకేనేమో ఆయన పాత హత్యల్లోకి వెళ్తాడు. ఇప్పటివి దొరక్క! జోక్ పక్కనపెడితే, ఈ ధోరణికి దారి వేసింది స్వీడన్‌లో మై షోవాల్, పేర్ వాలో అనే జంట. 1965 నుంచి 1975 దాకా పది నవలలు రాశారు. నేరం అనే కన్నంలోంచి తమ దేశం ఇంటి లోపల చూడటం వాళ్ళు నేర్పిన పనే. బయటికి అన్నీ సక్రమం. జీతాలు, ఆసుపత్రులు, శుభ్రమైన రోడ్లు. ఆ లోపల ఏముంది అన్నదే ప్రశ్న. ఇక్కడ ఆరేళ్ళుగా ఉంటున్నాను, పక్క ఫ్లాట్ ఆయన పేరు నాకు తెలియదు. మర్యాదగా తల ఊపుతాడు. నవల చదివాక ఆ తల ఊపడం కూడా అనుమానంగా చూస్తున్నాను, అది వేరే సంగతి.

ఐస్‌లాండ్‌లో పుస్తకాలు ఎక్కువగా అమ్ముడయ్యేది క్రిస్మస్ ముందు. యుద్ధకాలంలో మిగతా సరుకులు దొరక్క, కాగితం మాత్రం కాస్త దొరికి, బహుమతిగా పుస్తకం ఇవ్వడం అలవాటైందంటారు. అలా పండగ పూట ఒకరికొకరు శవాల కథలు ఇచ్చుకుంటారన్నమాట.

వాన_చినుకు
ఆదివారం, రాత్రి 10:20

పూర్తిచేశాను. గ్రీముర్ పేజీలు కొన్ని వేళ్ళ సందుల్లోంచి చదివాను, హారర్ సినిమా చూసినట్టు. నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ఇంకో నలభై పేజీలు తగ్గించినా నష్టం లేదంటాను. ఎర్లెందుర్ తోటి డిటెక్టివ్ సిగుర్దుర్ ఓలి ఇంటి గొడవలు అయితే అసలు అక్కర్లేదు.

కానీ పేరు దగ్గర ఆగిపోయాను. మా అమ్మమ్మని ఊళ్ళో అందరూ 'కరణంగారి భార్య' అనేవాళ్ళు, తర్వాత 'టీచరమ్మ వాళ్ళమ్మ'. తాతయ్య 'ఏమే' అనేవాడు, లేదా గొంతు సవరించుకునేవాడు, ఆవిడ వచ్చేసేది. నాకు ఆవిడ పేరు తెలిసింది పదో తరగతిలో, రేషన్ కార్డు జిరాక్స్ తీయించడానికి వెళ్ళినప్పుడు. రాజ్యలక్ష్మి. జిరాక్స్ షాపులో నిలబడి ఆ పేరు చదివి, ఇది ఎవరిదో పొరపాటున కలిసిందనుకున్నాను.

పేజీ_మడత
ఆదివారం, రాత్రి 10:41

రాజ్యలక్ష్మి గారు.

గుండ్రాయి
సోమవారం, తెల్లవారుజామున 3:37

అయిపోయింది. ఆఫీసుకి సెలవు పెట్టాలి.

స్లో అన్న మాట వెనక్కి తీసుకోను. స్లోనే. కానీ ఆ బ్రష్షుల వాళ్ళు మెల్లగా తవ్వుతున్నంత సేపూ అటు పక్క పాత కథ కూడా సరిగ్గా అంతే లోతుకి దిగుతూ వచ్చిందని చివర్లో గానీ తట్టలేదు. ముందే జేసీబీ పెట్టుంటే నాకు ఆ పిల్లలెవరో కూడా తెలిసేది కాదు.

మా నాన్న నాలుగింటికే లేచే మనిషి. లేచే ఉన్నాడు. మీ అమ్మ పేరేంటి నాన్నా అని అడిగా. ఇప్పుడెందుకురా అన్నాడు. ఊరికే అన్నా. 'పెద్దమ్మి అనేవాళ్ళు' అన్నాడు. అది పిలుపు కదా, అసలు పేరు? స్టవ్ దగ్గర నిలబడి పాలు పొంగేదాకా ఆలోచించాడు. మేనత్తకి ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు, తెల్లారాక.

పేజీ_మడత
సోమవారం, ఉదయం 7:10

మేనత్త ఏమన్నారో ఇక్కడ రాయండి, మర్చిపోకండి.

ఇకపోతే, దీనికి ముందు వచ్చిన 'మీరిన్' ఎవరి దగ్గరైనా ఉందా? 2000లోది, ఇంగ్లీషులో 'జార్ సిటీ'. 2006లో సినిమాగా కూడా తీశారు. వరసలో అది మూడోది, ఇది నాలుగోది. నేను వరస తప్పి ముందు ఇదే చదివాను. విశాఖకి పంపగలిగితే కొరియర్ ఖర్చు నాదే. పేజీలు మడతపెట్టనని మాట ఇవ్వలేను.